‘చూస్తున్నానమ్మా’ అన్నాక కూడా చెప్పాల్సిన మాట

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. ఏడాదిన్నరగా ఎయిర్‌బస్ ఏ320 మీద ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా పనిచేస్తున్నాను. మా బేస్‌లో ఒక సీనియర్ కెప్టెన్‌గారున్నారు. ట్రైనర్ కూడా. మన తెలుగాయనే, మా నాన్నగారి వయసు. చాలా మంచి మనిషి. “తిన్నావా తల్లీ” అని అడిగిగానీ పని మొదలుపెట్టరు. వచ్చిన చిక్కల్లా ఆయన పని పంచరు. సెక్టార్ నాదైనా, అంటే ఆ ట్రిప్పు నేను నడపాల్సినదైనా, ఆటోపైలట్ నాబ్‌లు ఆయనే తిప్పేస్తారు. రేడియో కూడా ఎప్పుడూ ఆయనదే. దిగేటప్పుడు 300 అడుగుల్లో ఒక్క మాటైనా చెప్పకుండా తన వైపు స్టిక్ కదుపుతారు. ఆయన సెక్టార్ అయితే నేను ఊరికే కూర్చోవాలి. పోయిన నెల ఆయన ల్యాండింగ్‌కి వస్తున్నారు. 1000 అడుగుల దగ్గర స్పీడు ఉండాల్సినదానికంటే 20 నాట్లు ఎక్కువ. “స్పీడ్ సర్” అన్నాను. “చూస్తున్నానమ్మా” అన్నారు. 500 దగ్గర కూడా 15 నాట్లు ఎక్కువే. అప్పుడు నేను ‘గో ఎరౌండ్’ అనాలి, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవమని. నోరు పెగల్లేదు. ఏమీ కాలేదు, చక్కగానే దిగాం. కానీ ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. కెప్టెన్ పని ఎక్కడిదాకా, నా పని ఎక్కడినుంచి? పెద్దాయన్ని కాదంటే అవమానించినట్టు కాదా? ఫిర్యాదు చేయాలా? వచ్చే నెల మళ్లీ ఆయనతోనే రోస్టర్ పడింది.

– ఒక ఫస్ట్ ఆఫీసర్, హైదరాబాద్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో ‘ఏమీ కాలేదు, చక్కగానే దిగాం’ అన్న చోట ఆగిపోయాను. 30 ఏళ్లకు పైగా విమానాలు నడిపి, చాలాకాలం కొత్తవాళ్లకు నేర్పి రిటైరైనవాణ్ని. ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఏమీ కాకపోయేసరికి ఆ పొరపాటు అలవాటుగా మారుతుంది. ఈసారి 15 నాట్లు ఎక్కువతో దిగినవారు ఇంకోసారి 20తో దిగడానికి జంకరు. మీకు నిద్ర పట్టడం లేదంటే చేసే పని ఏమిటో మీకు బాగా తెలుసన్నమాట. బెంగ పెట్టుకోకండి. కానీ ఆ సంగతిని మాత్రం అలా వదిలేయకండి.

వయసులో మీరు మా అమ్మాయి కంటే చిన్న. అయినా మీరు అనే రాస్తున్నాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మీ మొదటి ప్రశ్నలో రెండు పంపకాలు కలిసిపోయాయి. మీ కెప్టెన్‌గారి మనసులోనూ అవే కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. ఒకటి అధికారం. ఎవరు నడుపుతున్నా సరే, విమానానికి బాధ్యుడు కెప్టెనే. అందులో మార్పు లేదు. రెండోది పని. అది సెక్టార్ సెక్టార్‌కీ చేతులు మారుతుంది. ఒకరు పైలట్ ఫ్లయింగ్, రెండోవారు పైలట్ మానిటరింగ్. ఈ సెక్టార్‌లో నడిపినవారు వచ్చే సెక్టార్‌లో కనిపెట్టి చూస్తారు.

ఈ రెండు పంపకాలూ పక్కపక్కనే కనిపించే చోటు టేకాఫ్. సెక్టార్ మీదనుకోండి. స్టిక్ మీ చేతిలో ఉంటుంది, రడ్డర్ మీ కాళ్ల కింద ఉంటుంది. పవర్ సెట్ కాగానే మీరు థ్రస్ట్ లీవర్ల మీంచి చెయ్యి తీస్తారు, అక్కడికి కెప్టెన్ చెయ్యి వస్తుంది. వీ1 దాకా, అంటే టేకాఫ్ ఆపడానికి వీలున్న ఆఖరి వేగం దాకా, అక్కడే ఉంటుంది. టేకాఫ్ ఆపేయాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం ఆయనది కాబట్టి. వీ1 వినపడగానే ఆ చెయ్యి లేస్తుంది. ఇక ఆపే ప్రశ్నే లేదు, ఎగరాల్సిందే. ఆ కొద్ది సెకన్లలో నడిపేది మీరు, ఆపే హక్కు ఆయనది. ఇద్దరూ ఒకే విమానంలో, ఒకే రన్‌వే మీద, ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకుండా. ఈ పద్ధతి రాసినవాళ్లెవరోగానీ చాలా ఆలోచించి రాశారు.

మిగతా ప్రయాణం కూడా ఇలాగే సాగాలి. ఆటోపైలట్ వేసి ఉంటే నాబ్‌లు తిప్పేది నడిపేవారు. ఆటోపైలట్ తీసేసి చేత్తో నడుపుతుంటే, వారు అడిగినప్పుడు తిప్పేది మానిటరింగ్‌వారు. రేడియో, చెక్‌లిస్ట్, గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక పలకలు) మానిటరింగ్‌వారివి. “ఫ్లాప్స్ టూ” అని అడిగితే వెంటనే లీవర్ లాగేయరు కదా. ముందు స్పీడు చూస్తారు, “స్పీడ్ చెక్డ్” అంటారు, లీవర్ కదుపుతారు, స్క్రీన్ మీద అంకె మారాక “ఫ్లాప్స్ టూ” అంటారు. చిన్నపాటి లీవర్‌కి ఇంత తతంగమా అని కొత్తల్లో నాకూ విసుగ్గానే ఉండేది.

2023 జనవరి 15న నేపాల్లోని పొఖరాలో జరిగింది చదివాక ఆ విసుగుకి సిగ్గుపడ్డాను. ఏటీఆర్ 72 విమానం. నడుపుతున్నావిడ ఫ్లాప్స్ అడిగారు. పక్కన మానిటరింగ్‌లో ఉన్నది అనుభవమున్న శిక్షకుడు. ఆయన చెయ్యి ఫ్లాప్స్ లీవర్ బదులు రెండు ఇంజిన్ల కండిషన్ లీవర్ల మీదికి పోయి, ప్రొపెల్లర్లను ఫెదర్‌లోకి, అంటే గాలిని నెట్టని కోణంలోకి, తోసేసింది. రెండు ఇంజిన్లూ తిరుగుతూనే ఉన్నాయి, ముందుకు లాగే బలం మాత్రం పోయింది. విమానంలో ఉన్న 72 మందీ చనిపోయారు. నేర్పేవారి చెయ్యి కూడా దారి తప్పుతుంది. అందుకే ఎవరు దేన్ని కదిపినా నోటితో చెప్పాలి, రెండో జత కళ్లు చూడాలి. మీ కెప్టెన్‌గారు అడక్కుండానే మీ పని చేసేస్తున్నారంటే, మీ మీద ప్రేమతోనే కావచ్చు, ఆ రెండో జత కళ్లను ఆయన పక్కకు నెట్టేస్తున్నారు. ఆయన మీ పనిలో ఉంటే ఆయన పని ఎవరు చూస్తున్నట్టు?

300 అడుగుల్లో స్టిక్ సంగతి ఇంకా ముఖ్యం. కెప్టెన్ స్టిక్ దగ్గర చెయ్యి సిద్ధంగా పెట్టుకోవడం తప్పు కాదు. నేనూ పెట్టుకునేవాణ్ని. చెప్పకుండా కదపడమే తప్పు. ఎయిర్‌బస్‌లో రెండు స్టిక్‌లకూ లంకె లేదు. ఆయన లాగింది మీ చేతికి తెలియదు, మీరు నెట్టింది ఆయనకు తెలియదు. కంప్యూటర్ మాత్రం రెండిటినీ కలిపి లెక్క వేసుకుంటుంది. నేలకు అంత దగ్గర్లో ఇద్దరి చేతుల్లో ఉన్న విమానం ఎవరి చేతిలోనూ లేనట్టే. తీసుకోవాలనుకుంటే ఎర్ర బటన్ నొక్కి “ఐ హ్యావ్ కంట్రోల్” అని తీసుకోవాలి. మీరు “యూ హ్యావ్ కంట్రోల్” అని వదిలేయాలి. అలా తీసుకోవడానికి ఆయనకు పూర్తి హక్కుంది, మీరు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇక మీరు ‘ఊరికే కూర్చోవాలి’ అన్నారే, దాని గురించి.

కోనసీమ మీకు దగ్గరే. అంతర్వేది తీర్థానికి ఎప్పుడో వెళ్లే ఉంటారు. రథం కదిలేటప్పుడు అందరి కళ్లూ తాడు లాగేవాళ్ల మీదే ఉంటాయి. చక్రం పక్కన చెక్క దిమ్మ పట్టుకుని నడిచే మనిషిని ఎవరూ చూడరు. అతను తాడు ముట్టుకోడు. కానీ రథం పక్కకి ఒరిగినా, జనం మీదికి పోతున్నా చక్రం కింద దిమ్మ వేసేది అతనే. లాగేవాళ్లకి చక్రం కనపడదు. నడిపే పైలట్‌కి కూడా, పనిలో మునిగిపోయాక, కనపడాల్సినవి కొన్ని కనపడవు. అది మనిషి మెదడు తీరు. సీనియారిటీతో అది పోదు.

ఈ సీటుకి వెనకటికి ‘పైలట్ నాట్ ఫ్లయింగ్’ అనేవాళ్లు. నడపనివాడు అని. చేయని పనిని బట్టి పెట్టిన పేరు. 2003లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తన మార్గదర్శకాల్లో దాన్ని ‘పైలట్ మానిటరింగ్’ అని మార్చింది. తర్వాత అందరమూ అదే పిలుపుకి వచ్చాం. అదే దేశంలో ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 1994లో ఒక అధ్యయనం వెలువరించింది. 1978 నుంచి 1990 వరకు పైలట్ల పొరపాట్లు ముడిపడిన 37 పెద్ద ప్రమాదాలు తీసి చూస్తే, నూటికి 80కి పైగా వాటిలో అప్పుడు నడుపుతున్నది కెప్టెనే. కెప్టెన్లు బాగా నడపలేరని దీనర్థం కాదు. ఫస్ట్ ఆఫీసర్ తప్పు చేస్తే కెప్టెన్ ఠక్కున సరిదిద్దుతాడు. కెప్టెన్ తప్పు చేసినప్పుడు పక్క సీట్లోంచి మాట రావడమే కష్టమవుతోంది.

ఆ రోజు మీరు ఆ పక్క సీట్లోనే ఉన్నారు.

ఆ మాట రాకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో జరిగిన ప్రమాదం కంటే పెద్ద ఉదాహరణ లేదు. పొగమంచులో రెండు బోయింగ్ 747లు ఒకే రన్‌వే మీద గుద్దుకుని 583 మంది పోయారు. టేకాఫ్‌కి తొందరపడుతున్న డచ్ సంస్థ కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో 747 శిక్షణకి పెద్ద. పక్కన కూర్చున్న ఫస్ట్ ఆఫీసర్‌కి కొద్ది నెలల ముందే 747 పరీక్ష పెట్టి పాస్ చేసింది ఆయనే. కెప్టెన్ మొదటిసారి లీవర్లు ముందుకి తోసినప్పుడు ఆ ఫస్ట్ ఆఫీసర్ ఆపాడు, ఇంకా క్లియరెన్స్ రాలేదని గుర్తుచేశాడు. అంత ధైర్యమూ ఉంది అతనికి. కానీ కెప్టెన్ రెండోసారి తోసినప్పుడు ఏమీ అనలేకపోయాడు. ఒకసారి కాదన్న పెద్దమనిషిని అరనిమిషంలో మళ్లీ కాదనడం ఎంత కష్టమో మీకూ నాకూ తెలుసు. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది. అవతలి విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదా అని అడిగాడు. చేసింది అన్నట్టు కెప్టెన్ గట్టిగా జవాబిచ్చారు. ఇంజినీర్ ఊరుకున్నాడు.

అతను ‘అడిగాడు’. ‘చెప్పలేదు’. నేను మీకు చెప్పదలిచింది ఇక్కడే ఉంది.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఏదైనా చెప్పాలంటే ప్రశ్నగా మార్చి చెబుతాం. “నాన్నా, బండి కొంచెం స్పీడుగా పోతోందేమో?” అంటాం. అది మన మర్యాద, నాకు చాలా ఇష్టమైన మర్యాద. ఆ ‘ఏమో’లో ఎంత ప్రేమ ఉందో! కానీ కాక్‌పిట్‌లో ఆ ‘ఏమో’ ఎదుటివారికి కాదనే అవకాశం ఇచ్చేస్తుంది. మీరన్న “స్పీడ్ సర్”లో కూడా అదే జరిగింది. స్పీడ్ అన్నది పనిమాట. సర్ అనగానే అది మనవి అయిపోయింది. మనవికి ఆయన తండ్రిలా జవాబిచ్చారు: “చూస్తున్నానమ్మా”. ఆ క్షణంలో అక్కడ ఇద్దరు పైలట్లు లేరు, ఒక నాన్నా ఒక కూతురూ ఉన్నారు. నేను మిమ్మల్ని మీరు అనడానికి కారణం అది. కుడిచేతి సీట్లో కూర్చున్నవారు నా తోటి పైలట్. కిందికి దిగాక నిండు మనసుతో తల్లీ అంటాను.

“స్పీడ్” అన్న పిలుపు మీ అభిప్రాయం కాదు. అది మీటర్‌లో కనపడుతున్న అంకె, మీ నోటి గుండా బయటికి వచ్చింది, అంతే. నేల దగ్గర పడుతోందని యంత్రం “పుల్ అప్” అని అరిస్తే అది కెప్టెన్‌ని అవమానించిందని ఎవరైనా అంటారా? మీ మాటా అలాంటిదే. దానికి రావాల్సిన జవాబు “చెక్డ్”, లేదా “కరెక్టింగ్”. అది కాక ఇంకేది వచ్చినా, ఎంత ప్రేమగా వచ్చినా, జవాబు రానట్టే లెక్క. రెండోసారి పిలవండి. రెండు పిలుపులకీ సరైన స్పందన లేకపోతే ఎదుటివారు పని చేసే స్థితిలో లేరేమో అని అనుమానించమని మన మాన్యువల్సే చెబుతున్నాయి.

అనుమానించాక ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. దాన్ని దాటవేయను.

2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం చాలా ఎత్తులో, చాలా వేగంగా వచ్చింది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో ఎరౌండ్ అన్నాడు. కెప్టెన్ దిగడానికే చూశారు. కొండ మీద టేబుల్ టాప్ రన్‌వే, చివర లోయ. 158 మంది పోయారు, 8 మంది మిగిలారు. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న, కోళికోడ్‌లో అలాంటి రన్‌వే మీదే, వానలో, సగం రన్‌వే దాటాక చక్రాలు తాకాయి. అక్కడా గో ఎరౌండ్ అన్న మాట వినపడింది. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది పోయారు. దర్యాప్తు నివేదిక నడిపిన కెప్టెన్‌తో ఆగలేదు. గో ఎరౌండ్ అని పిలిచాక కంట్రోల్స్ తీసుకుని చేయకపోవడాన్ని మానిటరింగ్ పైలట్ వైఫల్యంగా రాసింది. చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. చెప్పినవాణ్ని కూడా తప్పుపట్టారే అని. తర్వాత ఒప్పుకున్నాను. చెప్పడంతో మన పని సగమే అవుతుంది.

కానీ 50 అడుగుల ఎత్తులో కెప్టెన్ చేతిలోంచి విమానం లాక్కోవడం మాటలు కాదు. అందులోనూ ప్రమాదం ఉంది. అందుకే ఈ మెట్లు పైన, ఎత్తు మిగిలి ఉన్నప్పుడే ఎక్కాలి. మీ విషయంలో చూడండి. 1000 అడుగుల్లో “స్పీడ్, ప్లస్ 20” అని అంకెతో సహా. జవాబు సరిగా లేకపోతే 800లో మళ్లీ. 500 దగ్గర కూడా కుదుటపడకపోతే “అన్‌స్టేబుల్, గో ఎరౌండ్”. అప్పటికీ కదలకపోతే ఎర్ర బటన్, “ఐ హ్యావ్ కంట్రోల్”, లీవర్లు చివరిదాకా. 500 అడుగులంటే నేలకి ఇంకా అరనిమిషానికి పైగా వ్యవధి ఉంది. మూడు మెట్లు మీరు గట్టిగా ఎక్కితే నాలుగోది దాదాపుగా అవసరమే రాదు.

ఎందుకంత నమ్మకంగా చెబుతున్నానంటే, నాకు చెప్పారు కాబట్టి. కెప్టెన్‌నై పదేళ్లు దాటింది. వానాకాలం, రాత్రి, ఆ రోజు నాలుగో సెక్టార్. ఇంటికి పోవాలన్న ఆత్రం. గాలి వెనకనుంచి తోస్తోంది, నేను ఎత్తు దింపుకోలేకపోయాను. పక్కన లైన్‌లోకి వచ్చి ఆరు నెలలైనా కాని కుర్రాడు. “అన్‌స్టేబుల్, గో ఎరౌండ్” అన్నాడు. గొంతు వణికింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. నా చేతులు వెంటనే లీవర్లు తోశాయి, అది శిక్షణ. కోపం ఆ తర్వాత వచ్చింది. రెండువేల అడుగులు ఎక్కేదాకా ఉంది. మళ్లీ చుట్టి వచ్చి దిగాక, పార్కింగ్‌లో ఇంజిన్లు ఆపి, అతని వైపు తిరిగి థాంక్స్ చెప్పాను. అతని మోకాళ్లు ఇంకా వణుకుతున్నాయి. ఆ రాత్రి నాకు జరిగింది అవమానం కాదమ్మా, ఆ కుర్రాడు నన్ను కాపాడాడు. మీ కెప్టెన్‌గారికి కూడా ఆ అవకాశం ఇవ్వండి.

పని సరిగ్గా పంచుకుంటే ఎలా ఉంటుందో కూడా చూడాలి. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఏ320 పక్షుల గుంపుని ఢీకొని రెండు ఇంజిన్ల బలమూ పోయినప్పుడు, ఆ టేకాఫ్ నడుపుతున్నది ఫస్ట్ ఆఫీసర్ స్కైల్స్. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ “మై ఎయిర్‌క్రాఫ్ట్” అన్నారు. స్కైల్స్ “యువర్ ఎయిర్‌క్రాఫ్ట్” అని వదిలేసి చెక్‌లిస్ట్ తీశారు. ఏ320 మీద అనుభవం కెప్టెన్‌ది. ట్రైనింగ్ ఈమధ్యే పూర్తయినందువల్ల చెక్‌లిస్టులు తాజాగా గుర్తున్నది స్కైల్స్‌కి. ఎవరికి ఏది బాగా వచ్చో ఆ పని వారి చేతికి వెళ్లింది. మూడున్నర నిమిషాల్లో హడ్సన్ నది మీద దిగారు, 155 మందీ బతికారు. ఆ కొద్ది నిమిషాల్లో ఎవరు పెద్ద అన్న చర్చ లేదు. ఎవరు ఏం చేస్తున్నారన్నది మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఇక ఫిర్యాదు. మనిషి మీద చేయకండి, ఆ ల్యాండింగ్ మీద రిపోర్ట్ రాయండి. మీ కంపెనీలో స్వచ్ఛందంగా సేఫ్టీ రిపోర్ట్ ఇచ్చే పద్ధతి ఉంటుంది. 1000 అడుగుల్లో ఎంత, 500లో ఎంత, నేను ఏమన్నాను, ఏమనలేదు. మీరు అనలేదన్నది కూడా దాచకుండా రాయండి. విమానంలోని డేటాలో ఆ స్పీడ్ ఎలాగూ నమోదై ఉంటుంది. నోరు ఎందుకు పెగల్లేదన్నది మాత్రం ఏ డేటాలోనూ ఉండదు, అది మీరు రాస్తేనే తెలుస్తుంది. అయితే రిపోర్ట్ కంటే ముందు ఆయనతో మాట్లాడండి. కాక్‌పిట్‌లో వద్దు, కింద, కాఫీ తాగుతూ. “సర్, ఆ రోజు 500 దగ్గర నేను గో ఎరౌండ్ అనాల్సింది, అనలేదు. నా తప్పు. ఇంకోసారి అంటాను, మీరు ఏమీ అనుకోకండి” అనండి. ఇక్కడ మీ మర్యాదంతా వాడుకోవచ్చు. ఆ మాటకి కోపం తెచ్చుకునే కెప్టెన్లు చాలా తక్కువ. తెచ్చుకుంటే అప్పుడు మీ ఫ్లీట్ మేనేజర్ దగ్గరికి ధైర్యంగా వెళ్లండి.

వచ్చే నెల మొదటి సెక్టార్ ముందు బ్రీఫింగ్‌లో ఆయన అడక్కపోయినా మీరే ఎత్తండి: “ఈ సెక్టార్ మీరు ఫ్లయింగ్, నేను మానిటరింగ్. రేడియో, చెక్‌లిస్టులు నావి. 500లో స్టేబుల్ కాకపోతే గో ఎరౌండ్ అని పిలుస్తాను. తర్వాతి సెక్టార్ నాది, కంట్రోల్స్ తీసుకోవాలనిపిస్తే చెప్పి తీసుకోండి.” ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి నాలుగైదుసార్లు పైకి అనుకోండి. “అన్‌స్టేబుల్, గో ఎరౌండ్” అన్నది కూడా, చివర సర్ లేకుండా. నాలుకకి అలవాటైన మాట అవసరానికి అదే వస్తుంది.

ఆ రోస్టర్ అయ్యాక ఏం జరిగిందో రాయండి. ఆయన ఏమన్నారో అది కూడా.